బండి మీదున్నావా?



బండి నడుపుతూ ఫోనులో మాట్లాడరాదని మనమందరము విన్నాము. పోలీసువారు చెబుతారు, బడిలో మాష్టారు చెబుతారు, రోడ్డు పక్కన బోర్డులు చెబుతాయి. ఈ బుద్ధులన్నీ బండి నడిపేవానికే చెప్పబడుతున్నాయి. అయితే ఫోనులో మాట్లాడాలంటే ఇద్దరుండాలి గదా! ఒకరు రోడ్డు మీద ఉంటే రెండవవారు ఎక్కడున్నారు? చాలాసార్లు ఇంటిలోనే ఉన్నారు. తల్లి, భార్య, అన్నగారు, కూతురు, చెరువు మీద పనిచేసే కుర్రాడు. అనగా ఈ పత్రికను తెప్పించుకొని చదువుకొనే మనమే. గనుక ఈ నెల నడిపేవానితో కొంచెము, ఫోను చేసేవారితో ఎక్కువగా మాట్లాడాలని కోరుచున్నాను.

మన రోడ్లు ఎటువంటివి?

మన ప్రాంతమును ఒకసారి కన్నులయెదుట పెట్టుకోండి. ఒక పక్క చెన్నై నుండి కలకత్తా పోయే పెద్ద రహదారి. మొన్నటివరకు 5వ నెంబరు, ఇప్పుడు 16వ నెంబరు. ఏలూరు, భీమడోలు, తాడేపల్లిగూడెం, తణుకుల మీదుగా పగలనక రాత్రనక లారీలు పోతూనే ఉంటాయి. కర్నూలు వైపు నుండి, మహారాష్ట్ర నుండి ఉల్లిపాయల లారీలు తాడేపల్లిగూడెం మార్కెట్టుకు వస్తాయి. కొల్లేటి చుట్టుపక్కల పట్టిన శీలావతి, బొచ్చె చేపలు ఐసు పెట్టెలలో బెంగాలుకు, అస్సాముకు పోతాయి. ఆ లారీల మధ్యలోనే పాలకేనుల సైకిలు, పిల్లలను ఎక్కించుకొన్న మోటారు సైకిలు, కూలీల ఆటో పోవాలి.

ఇంకొక పక్క కొల్లేటి లోపలి దారులు. ఏలూరు నుండి పెదయడ్లగాడి వంతెన మీదుగా కైకలూరు పోయే రోడ్డు సంగతి అటుంచి, లంక గ్రామాలకు, చెరువుల మీదికి పోయే గట్ల సంగతి చూడండి. ఇటు చెరువు, అటు డ్రెయిను. మధ్యలో ఎదురుగా మేత బస్తాల ట్రాక్టరు వస్తే మోటారు సైకిలు గట్టు అంచుకు పోవలసిందే. వాన కురిస్తే జారుడు. శీతాకాలము తెల్లవారుజామున పొగమంచు. పక్కకు ఒక మూర జరిగితే నీళ్ళే.

అటువంటి దారిలో మన మనిషి పోతున్నాడు. ఫోను మోగుతుంది. ఒక చేత్తో హ్యాండిలు పట్టుకొని, ఫోనును చెవికీ భుజానికీ మధ్య నొక్కిపెట్టి, మెడ ఒక పక్కకు వంచి మాట్లాడుతూ పోతాడు. కొందరు కుర్రవాళ్ళు ఫోనును హెల్మెట్టులోపలికి దూర్చుకుంటారు. తల కాపాడుకోవడానికి పెట్టుకొన్నదే ఫోనుకు పట్టుకొమ్మ అయినది! ఈ దృశ్యము చూడని ఊరు మనలో ఎవరిదైనా ఉన్నదా?

చేయి కాదు, మనసు

"నేను చేత్తో పట్టుకోవడము లేదండీ, చెవిలో పెట్టుకొన్నాను. రెండు చేతులూ హ్యాండిలు మీదే ఉన్నాయి" అని కొందరంటారు. ఇది మంచి మాటలాగే కనబడుతుంది. అయితే నిజము వేరుగా ఉన్నది.

1997లో కెనడాలోని టొరంటో నగరములో ఇద్దరు పరిశోధకులు, ప్రమాదానికి గురియైన 699 మంది డ్రైవర్ల ఫోను బిల్లులను, ప్రమాదము జరిగిన సమయమును పక్కపక్కన పెట్టి చూశారు. ఫోనులో మాట్లాడుతున్న సమయములో ప్రమాదము జరిగే అవకాశము సుమారు 4 రెట్లు ఎక్కువని తేలింది. చేతితో పట్టుకోకుండా మాట్లాడినవారికి దీనిలో మేలు ఏమీ కనబడలేదు. 2005లో ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరములో గాయపడి ఆసుపత్రికి వచ్చిన 456 మంది డ్రైవర్లను పరిశీలించినప్పుడు కూడా అదే 4 రెట్లు. అక్కడ కూడా చేతితో పట్టుకొన్నవానికీ, పట్టుకోనివానికీ భేదము లేదు.

ఎందుకిలా? మాట్లాడేవాని చెయ్యి ఖాళీగానే ఉన్నది గాని మనసు ఖాళీగా లేదు. 2003లో అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయము వారు ఇంకొక సంగతి గమనించారు. ఫోనులో మాట్లాడుతూ నడిపినవారు రోడ్డు పక్కన బోర్డులను కన్నులతో చూశారు గాని, తరువాత అడిగితే వాటిలో చాలా జ్ఞాపకము లేవు. కన్ను చూసింది, మనసు చూడలేదు. ఎదుటివాడు చెప్పే మాటకు మనసు ఒక బొమ్మ గీసుకుంటుంది. ఇంటిలో పాప ఏడుస్తున్నది అంటే పాప ముఖము కనబడుతుంది. బ్యాంకువారు వచ్చారు అంటే ఆ జీపు కనబడుతుంది. ఆ క్షణములో రోడ్డు కనబడదు.

క్షణమే గదా అనవచ్చు. లెక్క వేయండి. గంటకు 40 కిలోమీటర్ల వేగముతో పోయే బండి ఒక్క సెకనుకు 11 మీటర్లు పోతుంది. 60 అయితే 16 మీటర్లకు పైన. పెద్ద రహదారి మీద 80తో పోయే కారు 22 మీటర్లు. "ఆఁ, చెప్పు" అనడానికి పట్టే కాలములో ఒక ఇంటి ముంగిలి దాటిపోతుంది. ఆ ముంగిట్లో నుండి రోడ్డు మీదికి పరుగెత్తే పిల్లవాడు ఎవరి పిల్లవాడో!

"బండి వెనుక కూర్చున్నవారితో మాట్లాడవచ్చు గాని ఫోనులో మాట్లాడరాదా?" అని ఒకరు అడగవచ్చు. ఇది అడగవలసిన ప్రశ్నే. దీనినే ఆ యూటా విశ్వవిద్యాలయము వారు 2008లో పరీక్షించారు. తెర మీద రోడ్డును చూపే యంత్రము ముందు డ్రైవర్లను కూర్చుండబెట్టి, ఫలానా చోట పక్కకు దిగి ఆగాలి అని చెప్పారు. పక్కన కూర్చున్న స్నేహితునితో మాట్లాడుతూ నడిపినవారిలో ఎక్కువమంది సరిగా ఆగారు. ఫోనులో మాట్లాడినవారిలో దాదాపు సగము మంది ఆ చోటు దాటి పోయారు. కారణము ఏమనగా, పక్కనున్నవాడు కూడా రోడ్డును చూస్తున్నాడు. లారీ ఎదురొస్తే మాట ఆపుతాడు. "అదుగో, మలుపు" అని హెచ్చరిస్తాడు. ఇంటి దగ్గర నుండి మాట్లాడేవారికి లారీ కనబడదు. వారు మాట ఆపరు. "వినబడుతుందా? పలకవేమి?" అని ఇంకా గట్టిగా అడుగుతారు.

రెండు పడవల మీద కాళ్ళు పెట్టరాదని కొల్లేటి వారికి ఎవరూ నేర్పనక్కరలేదు. బండి ఒక పడవ, ఫోను ఒక పడవ.

మాసాయిపేట మరువరాదు

2014 జూలై 24 ఉదయము. మెదక్ జిల్లా మాసాయిపేట దగ్గర కాపలా లేని రైల్వే గేటు వద్ద, పిల్లలను బడికి తీసుకుపోతున్న బస్సును నాందేడు నుండి సికింద్రాబాదు పోయే ప్యాసింజరు రైలు గుద్దింది. డజనుకు పైగా చిన్నారులు, వారితోపాటు డ్రైవరు చనిపోయారు. డ్రైవరు ఫోనులో మాట్లాడుతున్నాడని బ్రతికి బయటపడిన పిల్లలు చెప్పినట్లు అప్పటి పత్రికలు వ్రాశాయి. 2018 ఏప్రిల్ 26న ఉత్తరప్రదేశ్‌లోని కుశీనగర్ వద్ద కూడా ఇటువంటి గేటు దగ్గరే బడి వ్యాను రైలు కింద పడి 13 మంది పిల్లలు చనిపోయారు. ఆ డ్రైవరు చెవులలో ఇయర్‌ఫోన్లు ఉన్నవని చెప్పారు. రైలు చిన్న వస్తువు కాదు, దాని కూత చిన్న ధ్వని కాదు. అయినను చెవిలో వేరొక మాట ఉన్నప్పుడు అంత పెద్ద రైలు కూడా కనబడకుండా, వినబడకుండా పోగలదు.

ఆ తరువాత 2019 జనవరి నాటికి బ్రాడ్‌గేజి లైన్ల మీద కాపలా లేని గేట్లను రైల్వేవారు లేకుండా చేశారు. గేటుకు కాపలా పెట్టగలిగాము. మనిషి దృష్టికి కాపలా ఎవరు పెట్టాలి?

లెక్కలు, చట్టము

కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్కల ప్రకారము 2022వ సంవత్సరములో మన దేశములో 4,61,312 రోడ్డు ప్రమాదాలలో 1,68,491 మంది చనిపోయారు. వారిలో 74,897 మంది ద్విచక్ర వాహనాల మీద ఉన్నవారే. ఫోను వాడుతుండగా జరిగినవని వ్రాసిన ప్రమాదాలలో పోయిన ప్రాణాలు 3,395. పడిపోయిన మనిషి ఆ సమయములో ఫోనులో ఉన్నాడా లేదా అన్నది చెప్పే సాక్షి లేనప్పుడు అది లెక్కలోనికి రాదు. గనుక ఇది తక్కువ లెక్కే అనుకోవాలి.

మోటారు వాహనాల చట్టములోని 184వ సెక్షనును 2019లో సవరించి, నడుపుతూ చేతిలో ఫోను వాడుటను ప్రమాదకరమైన డ్రైవింగుగా చేర్చారు. మొదటిసారి పట్టుబడితే 6 నెలల నుండి ఒక సంవత్సరము వరకు జైలు గాని, 1,000 నుండి 5,000 రూపాయల వరకు జరిమానా గాని, రెండును గాని విధించవచ్చు. 3 సంవత్సరాలలోపు మరల పట్టుబడితే జైలు 2 సంవత్సరాల వరకు, జరిమానా 10,000 రూపాయలు. నిర్లక్ష్యముగా నడిపి ఒకరి చావుకు కారణమైతే, 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షను కింద 5 సంవత్సరాల వరకు జైలు.

ఇది నడిపేవాని మాట. మన చట్టము ఫోను చేసినవారిని ఏమీ అడగదు.

చేసినవారి పాలు

అయితే ఈ ప్రశ్న అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రములో ఒక కోర్టు ముందుకు వచ్చింది. 2009లో అక్కడ మోటారు సైకిలు మీద పోతున్న భార్యాభర్తలను ఒక యువకుని వాహనము గుద్దగా, ఇద్దరూ చెరొక కాలు పోగొట్టుకున్నారు. ఆ యువకునికి అప్పుడే ఒక అమ్మాయి ఫోనులో సందేశము పంపింది. పంపినవారికి కూడా బాధ్యత ఉన్నదా? 2013 ఆగస్టులో అప్పీలు కోర్టు తీర్పు చెప్పింది. అతడు నడుపుతున్నాడని, వెంటనే ఆ సందేశము చూస్తాడని తెలిసి కూడా పంపినట్లయితే పంపినవారు బాధ్యులు కావచ్చును అని. ఆ అమ్మాయికి అలా తెలుసు అనే రుజువు లేదు గనుక ఆమెను విడిచిపెట్టారు. "తెలిసి కూడా" అన్న మాట మనము పట్టుకోవాలి. మనకు తెలుసు గదా! "ఎక్కడిదాకా వచ్చావు?" అని అడుగుతున్నామంటే, అతడు దారిలో ఉన్నాడని తెలిసే అడుగుతున్నాము.

ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయములో ఒక చిన్న ఆజ్ఞ ఉన్నది. కొత్త ఇల్లు కట్టుకొనేవాడు మిద్దె చుట్టూ పిట్టగోడ కట్టాలి. ఎవడైనా మిద్దె మీద నుండి పడితే ఆ దోషము ఇంటి మీదికి రాకుండా ఉండుటకు. పడేవాడు జాగ్రత్తగా నడవాలి అని చెప్పి దేవుడు ఊరుకోలేదు. ఇంటివానిని కూడా అడిగాడు. పడకుండా నీవు ఏమి చేశావు అని. మన ఇంటి నుండి పోయే ఫోనుకు కూడా ఒక పిట్టగోడ కావాలి. అది కట్టడానికి ఇటుక, సిమెంటు అక్కరలేదు. ఒక్క ప్రశ్న చాలు.

"బండి మీదున్నావా?"

అవతల నుండి "ఆఁ" అని వస్తే, "సరే, ఆగాక నువ్వే చెయ్యి నాన్నా" అని ఫోను పెట్టివేయండి. చెప్పదలచినది చెప్పకుండా పెట్టివేయండి. "ఒక్క మాట విను" అనకండి. ఆ ఒక్క మాటలోనే 40, 50 మీటర్లు పోతాయి.

అత్యవసరమైతేనో?

చెరువు మీద ఆధారపడినవారు దీనికి ఒప్పుకోరని నాకు తెలుసు. చేపలు, రొయ్యలు వేసినవారి సంగతి వేరు. రాత్రి చీకటిలో నీటిలోని నాచు, మొక్కలు ప్రాణవాయువును తయారు చేయలేవు. గనుక తెల్లవారుజామున నీటిలో ప్రాణవాయువు అన్నిటికంటె తక్కువగా ఉంటుంది. రొయ్యలు ఒత్తుగా వేసిన చెరువులో ఆ సమయములో కరెంటు పోయి ఏరియేటర్లు ఆగితే కొద్దిసేపటిలోనే లక్షల సొమ్ము నీళ్ళపాలు. చెరువు మీద కుర్రాడు రైతుకు ఫోను చేస్తాడు. రైతు నిద్రలేచి, ముఖము కూడా కడుగుకోకుండా, పొగమంచులో గట్టు మీద బండి వేసుకొని పరుగెడతాడు. దారిలో మరల ఫోను. "అయ్యగారూ, తలలు పైకి తేలుస్తున్నాయి, ఎక్కడున్నారు?" ఈ కంగారులో ఎత్తకుండా ఉండేవాడు ఎవడు?

కాని ఆలోచించండి. బండి మీద నుండి మాట్లాడి ఆ రైతు జనరేటరు వేయగలడా? ఆ మాట వలన ఒక్క రొయ్య బ్రతికిందా? లేదు. కుర్రాడు ఫోను మీద గడిపిన రెండు నిమిషాలు జనరేటరు దగ్గర గడిపితే చెరువు బ్రతికేది. గనుక కరెంటు పోతే ఏమి చేయాలో పగటిపూటే నేర్పి ఉంచండి. జనరేటరు ముందు, ఫోను తరువాత. డీజిలు ఎక్కడుందో, పక్క చెరువు వారిలో ఎవరిని పిలవాలో పాకలో గోడ మీద పెద్ద అక్షరాలతో వ్రాసి పెట్టండి. ఒకసారి కబురు అందిన తరువాత, బయలుదేరిన రైతుకు మరల చేయవద్దని గట్టిగా చెప్పండి. ఒక పంట పోతే మరుసటి పంట వేయవచ్చు. ఆ గట్టు మీద మనిషి పోతే?

ఒంట్లో బాగాలేదనే కబురు కూడా ఇటువంటిదే. "అమ్మకు బాగాలేదు, తొందరగా రా" అని దారిలో ఉన్నవానికి చెప్పవద్దు. అతడు ఇంక రోడ్డును చూడడు. ముందు ఆపించండి. "బండి పక్కకు తీసి ఆపు" అనండి. ఆపాడని తెలిసిన తరువాత నెమ్మదిగా చెప్పండి. వీలైతే అతని వెంట ఇంకొకరిని బయలుదేరదీయండి.

పాస్టర్లకు కూడా ఒక మాట. మనలో చాలామంది ఆదివారము రెండు మూడు ఊళ్ళలో ఆరాధన జరిపించాలి. దారిలో ఉండగా "అయ్యగారూ, సీరియస్‌గా ఉంది, ఇప్పుడే ప్రార్థన చేయండి" అని ఫోను వస్తుంది. బండి నడుపుతూనే ఫోనులో ప్రార్థన చేసేవారున్నారు. దయచేసి అలా చేయవద్దు. చెట్టు కింద ఆపి ప్రార్థన చేయండి. రెండు నిమిషాలు ఆలస్యమైనందుకు దేవుడు వినకుండా పోడు.

ఎత్తకపోతే కంగారు

1995 జూలై 31న కలకత్తా నుండి ముఖ్యమంత్రి జ్యోతిబసు గారు ఢిల్లీలోని కేంద్ర మంత్రి సుఖ్‌రామ్ గారితో మాట్లాడినది మన దేశములో మొదటి సెల్‌ఫోను సంభాషణ. అంతకుముందు మన ఇళ్ళలో ఎలాగుండేది? ఏలూరు పోయినవాడు సాయంత్రానికి వస్తాడు. రాకపోతే ఆఖరి బస్సుకు వస్తాడు. అప్పటివరకు తల్లి వాకిట్లో కూర్చునేది, ప్రార్థించేది, ఎదురుచూసేది. మనకు ఇప్పుడు ఎదురుచూసే ఓపిక పోయింది. ఒకసారి ఎత్తకపోతే రెండవసారి, మూడవసారి, పదవసారి చేస్తాము. అది ప్రేమతోనే చేస్తాము. అయితే జేబులో అదేపనిగా మోగే ఫోను అతని మనసును లాగుతుంది. "ఏమైందో ఏమో" అని నడుస్తున్న బండి మీదనే జేబులో చెయ్యి పెడతాడు. మన కంగారే అతని చేతిని హ్యాండిలు మీద నుండి తీసింది.

గనుక ప్రతి కుటుంబము ఈ నెలలో ఒక సాయంత్రము కలిసి కూర్చుండి ఈ ఒప్పందము చేసుకోవాలని నా మనవి.

ఒకటి, బయలుదేరేటప్పుడు "బయలుదేరుతున్నాను, ఇంత సేపు పడుతుంది" అని ఒక మాట. చేరగానే "చేరాను" అని ఒక మాట. ఈ రెంటి మధ్య ఫోను లేదు.

రెండు, ఒకసారి చేసి ఎత్తకపోతే "బండి మీద ఉన్నాడు" అని మంచిగా అనుకొని ఊరుకోవాలి. అతడే ఆగి చేస్తాడు.

మూడు, ఎవరికి చేసినా మొదటి మాట "బండి మీదున్నావా?" అన్నదే. పిల్లలకు కూడా ఇది నేర్పండి. వారు మనకంటె త్వరగా నేర్చుకుంటారు, మనము మరచిపోతే జ్ఞాపకము చేస్తారు.

నాలుగు, నడిపేవాడు ఫోనును శబ్దము లేకుండా చేసి సంచిలోనో, డిక్కీలోనో పెట్టాలి. చేతికందేచోట ఉంటే చెయ్యి పోతుంది. వెనుక ఎవరైనా ఉంటే ఫోను వారి చేతికివ్వాలి. వారే జవాబు చెబుతారు. తప్పనిసరి అయితే గట్టు మీద కాదు, మలుపులో కాదు, వెడల్పు ఉన్నచోట పూర్తిగా పక్కకు తీసి, బండి ఆపి, దిగి మాట్లాడాలి.

అయిదు, ఆటో గాని బస్సు గాని నడిపేవాడు ఫోనులో మాట్లాడుతుంటే ఎక్కినవారు మౌనముగా ఉండరాదు. "బాబూ, మా ప్రాణాలు నీ చేతిలో ఉన్నాయి, ఆపి మాట్లాడు" అని మర్యాదగా చెప్పాలి. ఒక్కరు నోరు తెరిస్తే మిగిలినవారు కూడా పలుకుతారు.

దీనికి డబ్బు ఖర్చు లేదు, చదువు అక్కరలేదు. కావలసినది కొంచెము ఓర్పు. మనము ప్రేమించేవారు త్వరగా మాట్లాడుట కంటె, క్షేమముగా ఇంటికి చేరుట మనకు ముఖ్యము గదా!

ప్రభువు మీ ఇంటివారి రాకపోకలన్నిటిలో తోడైయుండును గాక.